మా బిడ్డ చెప్పిన ఇంగ్లీషు మాట

మా బిడ్డ పోయి నేటికి పంతొమ్మిది రోజులు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. సూరత్‌లో మా కోసాడ్ కాలనీ వాళ్లకు ఆమె ఇంగ్లీషు టీచరమ్మ. నేను మూడో తరగతి దాటలేదు. తప్పులుంటే మన్నించండి, దిద్దే మనిషి లేదు.

ట్యూషన్ పిల్లలకు ఒకటే పాఠం నాలుగు తీర్లుగా చెప్పేది. చాక్‌పీసు చేతులు చున్నీకి తుడుచుకునేది. నేను తిడితే ఆ చున్నీతోనే నా ముఖం తుడిచేది.

వాళ్ల బాపుది ఖటోదరాలో మగ్గాల పని. మిషన్ ఎందుకు ఆగిందో ఆయన చెప్పడం మొదలుపెడితే తలా తోకా ఉండదు. అంతా విని బిడ్డ, "క్లియర్ యాజ్ మడ్, బాపూ" అని నవ్వేది. ఆయనా నవ్వేవాడు. గుడ్డలో తప్పు లేకపోతే మిల్లులో క్లియర్ అంటారు. మంచిగా అర్థమైందని అంటున్నదనుకున్నాం.

ఆస్పత్రిలో డాక్టరు ఆమె రక్తం జబ్బు గురించి చాలాసేపు చెప్పాడు, సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఆయన పక్క మంచం దగ్గరికి పోయాక బిడ్డ నా వైపు చూసింది.

"క్లియర్ యాజ్ మడ్, అవ్వా."

నా ప్రాణం కుదుటపడింది. బిడ్డకు అంతా తెలిసింది, రంది పెట్టుకోకు అని వాళ్ల బాపుకు ఫోన్ చేశాను. మళ్లీ ఎవరమూ డాక్టరును ఏమీ అడగలేదు.

దినాలనాడు ఆమెతో చదువుకున్న పిల్ల వచ్చింది. జబ్బు సంగతి బిడ్డకు ముందే తెలుసా అని ఆ పిల్ల అడిగితే, ఆస్పత్రిలో బిడ్డ అన్న ఆ ఇంగ్లీషు మాటే చెప్పాను. ఆ పిల్ల తల దించుకుంది.

"ఆంటీ, అది ఉల్టా మాట. బురద ఎంత తేటగుంటదో అంత తేటగున్నది అని. ఏం సమజ్ కాలేదని నవ్వుకుంట అంటరు."

అంటే తనకేం అర్థం కాలేదనే బిడ్డ నాకు చెప్పింది. నేను సంబరపడ్డాను. ఆ తర్వాత రోజూ గోడ వైపు తిరిగి పడుకుంటే, నిద్ర అనుకున్నాను.

నిన్న ఫైలు పట్టుకుని ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. మీరు చెప్పింది బిడ్డకూ అర్థం కాలేదు, నాకూ కాలేదు, జర చెప్పమన్నాను. ఆయన కాగితం మీద ఎముక గీశాడు, లోపల చిన్న చిన్న సున్నాలు. రక్తం అక్కడే పుడుతుందట. ఆమెకు అక్కడే పుట్టడం ఆగిందట. అప్పుడే అడిగి ఉంటే బతికేదా అన్నాను. జబ్బు ఆగేది కాదన్నాడు. భయం మాత్రం తగ్గేదేమో అన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. కాగితం ఒళ్లో పరుచుకుని, ఆ సీట్లో బిడ్డ కూర్చుంటే బొమ్మ సరిగ్గా కనిపించేలా అటు తిప్పిపెట్టాను.