మేము రాయని గూడు

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి కాస్త ముందుకు వెళితే, రెండు అద్దాల ఆఫీసుల వెనక ఒక కుంట ఉంది. నీళ్ళున్నాయి కాబట్టి ఉంది అనే రాస్తున్నాను. నేను చెప్పబోయే కుంట మాత్రం ఇప్పుడు లేదు.

మియాపూర్‌లో మా కిరాయి ఇంటి నుంచి ఆదివారం తెల్లవారగానే బయల్దేరి అక్కడికి వెళ్ళడం నాకు ఏడేళ్ళ అలవాటు. మెడలో బైనాక్యులర్స్, సంచిలో నీళ్ళ సీసా. పిట్టల్ని లెక్కపెట్టడం పని. జీతం లేదు, రమ్మని అడిగేవాళ్ళూ లేరు. ఏ పిట్ట ఎన్ని కనబడిందో ఫోన్లో యాప్‌లోకి ఎక్కించాలి. నగరమంతా మాలాంటివాళ్ళు ఎక్కించిన లెక్కల్ని బట్టి ఏ చెరువు పిట్టలకు ముఖ్యమో తెలుస్తుంది. దాని జోలికి వెళ్ళొద్దని అడగడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

నాకు ఈ పని నేర్పింది లింగంపల్లిలో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. నేను ఆయన్ని సార్ అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటారు. ఉద్యోగమంతా సిగ్నళ్ళ దగ్గర చేశారు. అందుకేనేమో కంటితో చూడనిదాన్ని నమ్మరు. మొదటిరోజే దూరంగా జమ్ములో ఏదో కదిలితే, "నీటికోడి అనుకుంటానండి," అన్నాను.

"అనుకునుడు ఇంటికాడ. ఈడ చూసిందే రాయాలె," అన్నారు.

అది బయటికి వచ్చేదాకా నన్ను ఎండలో నిలబెట్టారు. తీరా వచ్చాక అది నీటికోడే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం తాపీగా, "ఇప్పుడు రాయి," అన్నారు.

ఆ కుంటలో తామరాకుల మీద నడిచే పిట్ట ఒకటి ఉండేది. పుస్తకాల్లో జకానా అని ఉంటుంది. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన దాన్ని నీళ్ళ నెమలి అనేవాడు, మేమూ అదే ఖాయం చేసుకున్నాం. కాలివేళ్ళు ఎంత పొడుగంటే, అది నడిచినా ఆకు మునగదు. వానాకాలం రాగానే నల్లటి పొడుగు తోక వచ్చేది, మెడ వెనక బంగారు రంగు మెరిసేది. ఆడపిట్ట గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగపిట్టే. ఈ సంగతి తెలిసిన రోజు నేను పగలబడి నవ్వి, "మా ఇంట్లో ఒకాయనకి ఇది చూపించాలండి," అన్నాను.

అన్నంత పనీ చేశాను, ఇంట్లోనే కాదు, లోకానికంతా చూపించాను. నేను చేరిన మొదటి వానాకాలంలోనే గూడు కనబడింది. గూడంటే పెద్ద కట్టడమేమీ కాదు, ఆకు మీద నాలుగు తడి కాడలు, వాటి మీద తోమని ఇత్తడి చెంబు రంగులో నాలుగు గుడ్లు. సంబరం పట్టలేక ఫోటో తీసి, చోటుతో సహా యాప్‌లో పెట్టేశాను. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి గట్టంతా కెమెరాలే. ఒకాయన పిట్టను రప్పించడానికి ఫోన్లో దాని కూత వినిపిస్తున్నాడు. ఇంకొకాయన ఫోటోకి అడ్డమొస్తున్నాయని మోకాలి లోతు నీళ్ళలో దిగి ఆకులు కోస్తున్నాడు. ఆ పైవారం గుడ్లు అలాగే ఉన్నాయి, పిట్ట లేదు. సార్ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్ళేటప్పుడు మాత్రం ఒకటి చెప్పారు. "ఇగ గూడు సంగతి ఎవ్వలకు చెప్పొద్దు బిడ్డా. పిట్ట ఉన్నదని రాయి. గూడు రాయకు."

పెట్టిన రికార్డూ, ఫోన్లో ఫోటో కూడా తీసేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుంది. అలాంటిదాన్ని, తర్వాత నాలుగు వానాకాలాలు ఆ రహస్యం దాచాను. యాప్‌లో పిట్ట పేరు రాసేదాన్ని, సంఖ్య రాసేదాన్ని, గూడు ఉందా అని అడిగేచోట ఖాళీ వదిలేసేదాన్ని. నోటుపుస్తకంలో రాసినా ఎవరో ఒకరు చూస్తారని అక్కడా రాయలేదు, ఫోటోలూ తీయలేదు. ప్రతి ఏడూ గుడ్లు పెట్టేవి. గోళీలంత పిల్లలు ఆకు మీద నుంచి ఆకు మీదికి పరుగెత్తేవి, చినుకు పడితే తండ్రి రెక్కల కింద దూరేవి. గట్టు మీద మేమిద్దరమే, గొడుగు కింద, మాట్లాడకుండా చూసేవాళ్ళం. నా జీవితంలో అంత నిండుగా ఉన్న రోజులు చాలా తక్కువ.

నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుని, ఒక్కోదానికి టికెట్ అని ఒక ఫిర్యాదు రాయడం నా పని. "రాయకపోతే అది లేనట్టే" అని మా టీమ్‌ని రోజుకోసారైనా విసిగిస్తాను. ఆ మాట కుంట గట్టు మీద నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఐదో చలికాలంలో, నగరంలో నీటిపిట్టలు గూళ్ళు పెట్టే చెరువుల జాబితా తయారవుతోందని తెలిసింది. జాబితాకెక్కిన చెరువుల్లో తామర పీకకుండా, గట్టుకు రాళ్ళు పరవకుండా చూస్తామని అధికారులు ఒప్పుకున్నారట. జాబితా రాస్తున్నావిడ కూడా మాలాగే జీతం లేని మనిషి. కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళందర్నీ కూర్చోబెట్టారు. మా వంతు వచ్చింది. ఆవిడ లాప్‌టాప్‌లో వెతికి తలెత్తారు.

"పిట్ట ఉంది కానీ, గూడు పెట్టినట్టు ఒక్క రికార్డూ లేదండి."

"నాలుగేండ్ల సంది మా కండ్లతోని చూస్తున్నం," అన్నారు సార్.

"చూశారు, సరేనండి. ఎక్కడ రాశారు?"

ఎందుకు రాయలేదో చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "చోటు ఎవరికీ కనబడకుండా దాచి కూడా పంపొచ్చండి. నాకొక్కదానికి మెయిల్ పెట్టినా సరిపోయేది," అన్నారు. తర్వాత కాస్త ఆలోచించి, పాత తేదీలతో ఇప్పుడైనా రాసిమ్మన్నారు.

నేను పెన్ను తీశాను. గుడ్లు ఏ వారం చూశాం? శ్రావణమాసమా, ఇంకా ముందా? ఉజ్జాయింపుగా రాసేద్దామని సార్ వైపు చూశాను. ఆయన నా చేతి మీద చెయ్యి పెట్టారు.

"తారీకులు యాది లేవు బిడ్డా. అనుకొని రాయొద్దు."

కుంట జాబితాకి ఎక్కలేదు. ఎండాకాలంలో యంత్రాలు వచ్చి తామరను వేళ్ళతో సహా లాగేశాయి. చుట్టూ రాళ్ళు పరిచారు, నడిచేవాళ్ళకి బాట వేశారు, బెంచీలు పెట్టారు. సాయంత్రం జనం చక్కగా నడుస్తారు, వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అర్జీలు రాశాం. ఎవరిని తిట్టుకోవాలన్నా తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చేదాన్ని.

ఆ వానాకాలం నీళ్ళ నెమలి రాలేదు. సార్‌కి మోకాలి ఆపరేషన్ అయింది, గట్టు ఎక్కలేరు. ప్రతి ఆదివారం ఏడింటికి ఫోన్ చేస్తారు.

"వచ్చిందా?"

"రాలేదండి."

"రాలేదని రాసినవా?"

"రాశానండి."

రాళ్ళ అంచున కూర్చుని ఖాళీ నీళ్ళు చూస్తాను. దాని కూత పిల్లికూతలా ఉండేది, అదేమంత వినసొంపు కాదు. ఇప్పుడు ఆ కూత కోసం చెవులు తహతహలాడుతున్నాయి. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఎక్కడో పిల్లి అరిస్తే కిటికీ వైపు తిరుగుతాను.

ఈ వానాకాలం లింగంపల్లి రైలుపట్టాల అవతల ఒక మడుగు ఉందని తెలిసి, ఒక ఆదివారం అటు వెళ్ళాను. నీటిమీద గుప్పెడు తామరాకులు. వాటి మధ్యలో పొడుగు తోక, కదలకుండా. అది లేచి పక్కకి జరిగినప్పుడు కింద నాలుగు గుడ్లు కనిపించాయి. ఏడింటికి ఫోన్ మోగింది. చెప్పాను.

"రాయనా అండి?"

"రాయి బిడ్డా. తారీకు రాయి, టైం రాయి. జాగ మాత్రం దాచి, ఆ మేడంకు పంపు."

రాసి పంపాను. ఆయన ఫోన్ పెట్టలేదు.

"గా పిట్ట మన కుంటదేనా?"

పిట్ట ఒంటి మీద గుర్తేమీ ఉండదు. ఏ కుంట నుంచి ఏ మడుగుకి వచ్చిందో చెప్పగల మనిషి ఎవరూ లేరు. ఆ సంగతి నాకు నేర్పిందే ఆయన. తెలియదండి అనాలి.

"మనదేనండి," అన్నాను.

ఆయన మెల్లగా, "మంచిది బిడ్డా," అన్నారు. "గా మాట మాత్రం రాయకు."