కింది గీతలో ఐదు మొనలు

ఎవరన్నా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచిపోయే రకం. ఇదీ దయ్యం సంగతని చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది విడవలూరు దగ్గర పల్లె. మా అన్న సముద్రం మీద చేపల వేటకు పోయి రెండేళ్లయింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పోయినోళ్ల ఇంట్లో పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడికని వదిన ఇప్పటిదాకా పెట్టనివ్వలేదు. పెడితే ఆయన పోయినట్టు ఒప్పుకున్నట్టేనంట. "చదువుకున్నోడివి, నువ్వు చెప్తే వింటది" అని అక్క నన్ను వదిన దగ్గరికి తరిమింది. ల్యాప్‌టాప్‌తో సహా పోయినాను.

నా పని పల్సార్లు. అవి నక్షత్రాలే, గడియారం మాదిరి రేడియో దెబ్బలు పంపుతుంటాయి. ఒకే దెబ్బని రెండు ఫ్రీక్వెన్సీల్లో పోల్చి చూస్తాం. ఎక్కువ ఫ్రీక్వెన్సీది ముందొస్తుంది, తక్కువది ఆలస్యంగా వస్తుంది. బయల్దేరేది మాత్రం ఒకేసారి.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒక గ్రాఫ్ నన్ను సతాయిస్తా ఉంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ గీత పైన, శుభ్రంగా ఉంది. కింది గీతలో అసలు దెబ్బ తర్వాత చిన్న మొనలు ఐదు. మూడు, కాస్త ఖాళీ, రెండు. ఏ సెల్‌ఫోన్ల సిగ్నళ్ల గోలో అనుకుందామంటే, వేల దెబ్బల్ని ఒకదానిమీద ఒకటి కూడినాక అలాంటివి మిగలకూడదు. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం వదిన టీ తెచ్చి ఎదురుగా కూర్చునింది. ఏం పని అబ్బయ్యా ఇది అంటే, దారిలో ఎలక్ట్రాన్లు అడ్డంపడి తక్కువ ఫ్రీక్వెన్సీదాన్ని ఎక్కువ ఆపుతాయని చెప్పినాను.

"అయితే లేటైనంత మాత్రాన రానట్టు కాదు గదా?" అనింది.

అవునన్నట్టు తలూపినాను.

"మీ అన్నా అంతే. అందరి పడవలూ వచ్చినాక వచ్చేవాడు. ఒడ్డు కనపడంగానే తెడ్డుతో పడవని కొట్టేవాడు, నాకు తెలియాలని." వేళ్లతో బల్లమీద కొట్టి చూపించింది. మూడు. ఆగింది. రెండు.

నేను స్క్రీన్ మీది మొనలకేసి చూసినాను. ఆమె కూర్చున్న వైపుకి స్క్రీన్ కనపడదు. నేను చిన్నప్పట్నుంచీ హాస్టళ్లలో పెరిగినోణ్ణి, ఆ దెబ్బల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాతి రోజుల రికార్డుల్లో వెతికినాను, లేవు. ఆ ఒక్కదాంట్లో ఇప్పటికీ ఉన్నాయి. తోటివాళ్లు యంత్రం తప్పన్నారు. ఏం తప్పో ఎవరూ చెప్పలేకపోయినారు. నేనూ చెప్పలేను. కానీ అది మా అన్నే కావాలని ప్రాణం కొట్టుకుంటా ఉంది, దాచడమెందుకు.

వదిన బల్లమీద కొట్టి చూపించిన ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది, కూడిక సంగతి మాట్లాడినావా అని.

"ఆగుదాంలే అక్కా," అన్నాను. "అన్న లేటుగా వస్తాడేమో."