ఇరవై ఏడో ట్రాలీ

మా మరిది పోయాడని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. గంట తిరక్కుండా ఇంకో ఫోన్. "పెద్దమ్మా, ఫ్లెక్సీ కొట్టిపిస్తానం. బాపు ఫోటో మంచిది ఒకటి పంపుండ్రి." మా మరిది దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని, ఆయన్ని బాపు అని పిలిచే శిష్యుడు. ఆ గొంతు వినగానే కంటికి వచ్చిన నీళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎందుకో చెబుతాను.

మా మరిది ఎనుమాముల దారిలో ముప్పై ఏళ్లు ట్రాక్టర్ ట్రాలీలు కట్టాడు. నడుము వంగడం మానేశాక మూరెడు పొడవుండే చిన్న ట్రాలీలు మొదలుపెట్టాడు. రేకు తొట్టి, తెరుచుకునే వెనక తలుపు, తిరిగే చక్రాలు. రిమోట్‌తో నడిచే చిన్న ట్రాక్టర్లు ఉన్నవాళ్లు ఆదివారాలు మడికొండ దగ్గర ఖాళీ జాగాలో కలుస్తారు. వాళ్లందరికీ ట్రాలీ అంటే ఆయనదే.

"బరువు మొయ్యకుంటే అది ట్రాలీ గాదు, బొమ్మ" అనేవాడు. అందుకని చేసిన ప్రతి ట్రాలీలో నా వంటింటి కిలో బియ్యం పోసి వాకిట్లో అటూ ఇటూ లాగేవాడు. తిరిగి తెచ్చినప్పుడు నేను తూచేదాన్ని.

"ఇరవై గ్రాములు తక్కువ."

"పిచ్చుకలు తిన్నయి వదినా. వాటిని గూడ రసీదు అడుగుతవా?"

"అడుగుతా. పట్టుకరా."

ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వి ఉండాల్సింది.

ఆ పరీక్ష అయ్యాక ట్రాలీని బోర్లించి అడుగున అంకె కొట్టేవాడు. ఒక్కో అంకెకు ఉక్కు అచ్చు పెట్టి, సుత్తితో ఒకటే దెబ్బ. "రెండోది ఎయ్యద్దు వదినా, అంకె మసకైతది." ఆ పని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఏ అంకె ఎవరింటికి వెళ్లిందో నోటుబుక్కులో రాయడం నా పని. మొత్తం నలభై ఒకటి. ఇరవై ఏడు పక్కన "చూసి ఇస్తానని శిష్యుడు పట్టుకెళ్లాడు" అని ఉంది.

ఇవ్వలేదు. అది హైదరాబాద్‌లో ఒక పోటీకి వెళ్లి, అతని పేరు మీద మొదటి బహుమతి తెచ్చింది. ఫోన్‌లో ఆ ఫోటో చూసిన రోజు నేను చెప్పులు వేసుకుని బయలుదేరాను. మా మరిది గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"పోనీ వదినా. బండైతే మంచిగ నడిసింది గద."

ఆయన క్షమించాడు. నన్ను అడిగి క్షమించలేదు. ఆ తర్వాత మూడు నెలలు ఆయన సుత్తి ముట్టకపోవడం చూసింది నేను.

పదకొండో రోజు భోజనాలకు అందరూ వచ్చారు. శిష్యుడూ వచ్చాడు. ఫ్లెక్సీలో మా మరిది మొహం తమలపాకంత, అతనిది తట్టంత. "బాపు నేర్పిన పనితోటి నేను చేసిన ట్రాలీ" అంటూ దాన్ని ఫోటో ముందు పెట్టి దండ వేశాడు. నేను దండ తీసి బోర్లించాను. అడుగున అంకె లేదు. లప్పం పూసి, రంగు వేసి, తడిమినా తెలియనంత నున్నగా చేశాడు.

"నువ్వే చేసినవా?"

"నేనే పెద్దమ్మా."

"తొట్టి లోపల వేలు పెట్టు."

పలుచని రేకు మీద బయట అచ్చు కొడితే లోపల ఉబ్బుతుంది. ఒక్క అంకెయినా కొట్టినవాడికి అది తెలుస్తుంది. అతని వేలు తొట్టి మధ్యలో ఆగింది.

"ఏమున్నదో చదువు. గట్టిగ. తినేటోళ్లకు ఇనవడాలె."

"ఇరవై ఏడు."

పంక్తిలో ఒకాయన తలెత్తి, "అగో, ఉల్టా ఉన్నా మంచిగనే సదివిండు" అన్నాడు.

కొంగుకున్న పిన్నీసు తీసి శిష్యుడికి ఇచ్చాను. "లప్పం గీకు. గీకినంకనే బువ్వ." అందరి ముందు కూర్చుని గీకాడు. నాకు జాలి కలగలేదు. చదివేవాళ్లకు కలిగితే అది వాళ్ల ఇష్టం. ఆఖరి పంక్తిలో అతనికి నేనే వడ్డించాను, అందరికీ వేసినంతే.

మొన్న ఆదివారం చిన్న ట్రాక్టర్లవాళ్లు మడికొండ జాగాకు నన్ను రమ్మన్నారు. ఆ రోజు ఎవరూ ట్రాక్టర్ నడపలేదు. ట్రాలీలన్నీ తెచ్చి మట్టిలో వరసగా బోర్లించారు. ఒక్కొక్కరే వచ్చి, తమ ట్రాలీ చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి పక్కకు జరిగారు. ఇరవై ఏడు దగ్గర శిష్యుడు వంగాడు.

"నువ్వు గాదు" అన్నాను.

నేనే తిప్పాను. ఇరుసుకు మా మరిది నూనె బాగా పట్టించినట్టున్నాడు. మిగతావన్నీ ఆగిపోయినా, అదొక్కటే చాలాసేపు తిరుగుతూ ఉండింది.