గోడకిచ్చిన ఫిట్ సర్టిఫికెట్

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ చరిత్ర రాసే మహానుభావుడెవరైనా దాన్ని రెండు యుగాలుగా విభజించక తప్పదు: తీతు వస్తువులను తట్టి వినడం మొదలుపెట్టక ముందు, పెట్టిన తరువాత. ముప్పై ఒక్క ఏళ్లుగా రైల్వే యార్డులో బండి చక్రాలను సుత్తితో తట్టి, ఖంగుమంటే మంచిదని, బొంగురుపోతే పగులని తేల్చే మనిషి. ఇంట్లో కొబ్బరికాయ, గ్యాస్ సిలిండరు, అన్నీ ఆ పరీక్షకు నిలబడ్డవే. పెళ్లిచూపుల్లో కూర్చోబోయే ముందు కుర్చీని కూడా తట్టాడని భార్య రూతు ఇప్పటికీ దెప్పుతుంది.

కూతురు జెనీ పది రోజుల పనిమీద కటక్ వెళ్తూ తన పెంపుడు ఫెరెట్‌ను వదిలి వెళ్లింది. ముంగిసలా పొడుగ్గా, మీగడ రంగులో ఉండే దాని పేరు మిష్టి.

"నాన్నా, దీని తల పట్టిన సందులో ఒళ్లంతా పడతాది. కన్నాలన్నీ మూసీ. దీనికేటైనా అయిందా, నీ గుమ్మం మళ్లీ ఎక్కను" అంది. జెనీ వేళాకోళానికి అలాంటి మాట అనదు.

తీతు రెండు వేళ్ల మందాన చెక్క ఒకటి కోసి గేజి చేసుకున్నాడు. అది దూరిన ప్రతి సందూ నేరస్థురాలే. సోఫా అడుగు కుట్టాడు. తూముకు జాలీ బిగించాడు. మూసిన చోటల్లా తట్టి, విని, సుద్దతో తేదీ వేసి "ఫిట్" అని రాశాడు.

మూడో రోజు మధ్యాహ్నం బీరువా వెనక చివరి కన్నం బయటపడింది. చెయ్యి మోచేతిదాకా పోయింది. లోపలి గాలి చల్లగా తగిలింది. గోడ అవతలిది వెనక వీధి క్వార్టరు, రెండేళ్లుగా దాని తాళం తీసినవాళ్లను తీతు చూడలేదు. తీతు సిమెంటు కూరి, ఫిట్ రాశాడు.

సాయంత్రానికి ముసురు పట్టింది. కరెంటు పోయింది. మిష్టి గిన్నెలో ఉంచిన గుడ్డు ఉంచినట్టే ఉంది.

ఇల్లంతా వెతికారు. అప్పుడు తీతుకు బీరువా వెనక కన్నం గుర్తొచ్చింది. వ్యాగన్ తలుపు వేసే ముందు లోపల చూడాలని కుర్రాళ్లకు పాఠం చెప్పేవాడు, తాను చూడలేదు.

సుత్తి తీసి గోడను మూడుసార్లు తట్టాడు.

గోడ లోంచి మూడు దెబ్బలు.

"ఏటండీ, గోడకి నాడి సూస్తన్నారా?" అంటూ వచ్చింది రూతు.

"నోరుముయ్యవే. ఇను."

రెండు తట్టాడు. రెండు వినిపించాయి. సమంగా, తీరుబాటుగా.

"అది మిష్టి కాదండీ" అంది రూతు. "జంతువుకి లెక్కలెవులు నేర్పినారు?"

ఒకటి తట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఒక్కటి, మెల్లగా, దగ్గరగా.

రూతు ప్రార్థన అందుకుంది. తీతు పచ్చి సిమెంటు పెకలించి, ఆ చీకట్లోకి చెయ్యి చాపాడు. "మిష్టీ..." అని పిలిచాడు.

తడిసిన చల్లని వేళ్లు అతని వేళ్లను పట్టుకున్నాయి.

రూతు ఆమెన్ అనడం మరిచిపోయింది.

"ఎవులండీ అటేపు?" అంది గోడ. "పొడుగాటి ఎలకొకటి పొద్దున్నే వచ్చి నా లుంగీలో తొంగుంది. మీదేనేటి?"

ఖాళీ క్వార్టరును మొన్న సోమవారం క్రిస్టోఫర్‌కు కేటాయించారు. అతనూ అదే యార్డులో చక్రాలు తట్టేవాడే.