కూడికలు నేర్చిన టెలిఫోన్ రిలేలు

వాకాడు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధకాలపు రహస్య సందేశాల గురించి చెప్పాను. శత్రువులు అక్షరాలు తారుమారు చేసి పంపిన కబుర్లను లెక్కల మనుషులు విప్పేవారు. అది చేతులతో తెమిలే పని కాక యంత్రం కావలసి వచ్చింది. ఆ యంత్రం కట్టింది ఇంగ్లండులో ఒక టెలిఫోన్ ఇంజనీరు.

సాయంత్రం ఇదే సంగతి పక్కింటి అన్నకు చెప్పాను. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు.

"ఏందీ? ఆ మిషన్ కట్టింది మా టెలిఫోనోళ్ళా?" అన్నారు, టీ గ్లాసు పక్కన పెట్టేసి.

"అవునన్నా. యుద్ధం అయిపోయినా ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదన్నారట."

లోపలి నుంచి ఆయన భార్య, మా వదిన, పగలబడి నవ్వింది. "ఈయనైతే చెప్పకుండా అరగంట కూడా ఉండలేడమ్మా!"

మర్నాడు ఉదయమే అన్న ఒక గోతం మోసుకొచ్చారు. నిండా రిలేలు. కరెంటు తగలగానే టిక్కుమని మారే స్విచ్చీలవి. పాత ఎక్స్ఛేంజీ విప్పేస్తున్నప్పుడు అడిగి తెచ్చుకున్నారట.

"వీటితో కూడిక చేయించలేమా టీచరమ్మా?"

నేను కాగితం మీద దారులు గీశాను, ఆయన వైర్లు అతికారు. ఆదివారం చర్చి నుంచి రాగానే వాళ్ల వసారాలో కూర్చునేదాన్ని. అంకెలు నొక్కడానికి మీటలు, జవాబు చూపడానికి ఒకటి, రెండు, నాలుగు అని రాసిన మూడు బల్బులు పెట్టాం. వెలిగినవాటిని కలిపితే జవాబు.

రెండూ ఒకటీ నొక్కితే మూడొచ్చింది. మూడూ ఒకటీ నొక్కితే మాత్రం ఒక్క బల్బూ వెలగలేదు. నా లెక్కే తప్పిందేమోనని కాగితం మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

ఆయన కళ్లు మూసుకుని, "ఇంకోసారి నొక్కండి," అన్నారు. టిక్కుల చప్పుడు విని, చివరి రిలే మీద వేలు పెట్టారు. "టిక్కులన్నీ సరిగ్గానే పడతా ఉండాయి, మీ లెక్క బాగానే ఉండాది. సముద్రం గాలికి దీనికి చిలుము పట్టింది."

పోస్టుకార్డు ముక్కతో దాని మొనలు రుద్దారు. ఈసారి నాలుగు అని రాసిన బల్బు వెలిగింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. వదిన పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఇన్నేళ్ళు నువ్వు చేసిన పని ఇదా? నాకెప్పుడూ చెప్పలేదే!" అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "నువ్వు అడగలా," అన్నారు.

నేనూ అన్నా దాన్ని బడికి తీసుకెళ్లిన రోజు పిల్లలు క్యూ కట్టి నొక్కారు. హెడ్మాస్టరు గారు ముచ్చటపడి అద్దాల బీరువాలో పెట్టిస్తానన్నారు.

"వద్దు సార్. తాళమేస్తే మళ్ళీ చిలుము పడతాది. పిల్లోళ్ళు నొక్కతా ఉంటేనే బతుకుతాది," అన్నారు అన్న.

అందుకే అది ఇప్పుడు మా క్లాసులో బల్ల మీదే ఉంది. దానికి తీసివేత కూడా నేర్పమని పిల్లలు ఆయన వెంట పడుతున్నారు.