ఛాతీకి తీగలతో జనక్‌పురి నుంచి రాజీవ్ చౌక్ దాకా

రెండు వారాల్లో రెండుసార్లు ఆఫీసు మెట్ల మీద కళ్లు తిరిగాయని చెప్పగానే నా భార్య కృప ఊరుకోలేదు. తను నర్సు. "ఒక్క రోజు హోల్టర్ పెట్టించుకోండి, మీ పనులకేం అడ్డం రాదు," అంది. మేముండే జనక్‌పురి దాకా మెట్రో వచ్చిన కొత్తలో మాట ఇది. ఆస్పత్రిలో నా ఛాతీకి తీగలు అంటించి, గుండె కొట్టుకునే తీరును రోజంతా నమోదు చేసే చిన్న పెట్టెను నడుముకు తగిలించి పంపారు. మర్నాడు పదకొండుకల్లా తిరిగి అప్పగించాలి.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పాప స్నిగ్ధను స్కూటర్ మీద బడికి తీసుకెళ్లాను. సిగ్నల్ దగ్గర వెనక నుంచి వీపు మీద తడుతూ, "పాపా, గ్రీన్ హో గయా. కబ్ సే బోల్ రహీ హూఁ," అంది, నాన్నా, పచ్చ లైటు పడిందని ఎప్పట్నుంచో చెప్తున్నా అని. ఏదో ఆలోచనలో పడ్డాననుకుని బండి కదిలించాను. స్కూటర్ ఇంట్లో పెట్టి, ఆస్పత్రిలో పెట్టె అప్పగించడానికి మెట్రో స్టేషన్‌కి వెళ్లాను. రాజీవ్ చౌక్‌కి టోకెన్ ఇరవై రూపాయల లోపే, ప్రయాణం అరగంట పైన. తనిఖీలో జవాను చెయ్యి నా నడుము దగ్గర ఆగిపోయింది.

"యే క్యా హై?"

చొక్కా గుండీలు విప్పి చూపించాను. నా వెనకున్న వరుస అంతా పక్కకి తప్పుకుంది. ఆస్పత్రి చీటీ రెండుసార్లు చదివి గానీ అతను వదల్లేదు. అప్పటికి నన్ను వణికించింది అదొక్కటే.

రాజీవ్ చౌక్ బయట ఆటో ముప్ఫై రూపాయలకి వచ్చింది. ఆస్పత్రిలో పెట్టె తీసుకుని కూర్చోమన్నారు. కాసేపటికి డాక్టరమ్మే వచ్చింది, ఆవిడ వెనక చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒక ఆయా.

"పొద్దున ఎనిమిదింటికి ఏం చేస్తున్నారు?"

"స్కూటర్ మీద పాపను బడికి తీసుకెళ్తున్నానండీ."

ఆవిడ నన్ను ఆ కుర్చీలో కూర్చోమంది. తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్లి కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. ఎగుడుదిగుడుగా సాగిన గీత ఒకచోట తిన్నగా ఉంది.

"ఇక్కడ ఏడు సెకన్లు మీ గుండె కొట్టుకోలేదు. ఇక ఇంటికి పంపను."

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కాక, బండి పరుగులో ఉండగా అది జరిగి ఉంటే? కృపకి ఫోన్ కలిపాను. డాక్టరమ్మే ఫోన్ తీసుకుని చెప్పింది.

మర్నాడు పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాను, పాప బడి బస్సులో వెళ్తోంది. నొప్పి లేదు కాబట్టి జబ్బూ లేదనుకున్నాను. నా గుండె ఆగిన సంగతి నాకు కాక ఓ పెట్టెకి తెలియడం ఇప్పటికీ మింగుడు పడదు. హోల్టర్ పెట్టించుకునేవాళ్లకి ఒక్క మాట: ఫలితం చేతికొచ్చేదాకా బండి తాళం ఇంకొకరికి ఇచ్చేయండి.