కుప్ప వెనకాల నీడ

మా డ్రాయింగ్ మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగింది, ఎప్పుడు పోయారని కాదు. "ఆ మిరపకల్లం బొమ్మ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని. ఫోన్ చేసినామె నాతో చదువుకున్నదే. "నీకు గుండె ఉందా అసలు?" అంది. ఉంది. ఉండబట్టే అడిగాను.

జగ్గయ్యపేట చుట్టుపక్కల ఆయన పేరు వినని ఇల్లు తక్కువ. డాక్టర్ల గదుల్లో, పెళ్ళిహాళ్ళలో, కాస్త కలిగినవాళ్ళ హాళ్ళలో ఆయన వేసిన కొండలు, తాటిచెట్లు, పాలేటి ఒడ్డు, ముక్త్యాల దగ్గర కృష్ణ ఇప్పటికీ వేలాడుతున్నాయి. ఆదివారం వస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సైకిల్ వెనక రంగుల పెట్టె కట్టుకుని పోయేవారు. మధ్యాహ్నం ఎండలో నల్లరేగడి నేల నల్లగా ఉండదనీ, ఊదారంగులో ఉంటుందనీ ఆయన వేసి చూపిస్తేగాని మాకు తెలియలేదు. అంత కన్ను ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఈ మాట రాస్తుంటే ఒళ్ళు మండుతోంది, కానీ నిజం.

ఆయన బొమ్మల్లో మనుషులు ఉండరు. దున్నిన చాలు ఉంటుంది, దున్నినవాడు ఉండడు. రేవు ఉంటుంది, బట్టలు ఉతికే మనిషి ఉండదు. "మనిషిని పెడితే చూపంతా మనిషి మీదకే పోద్ది. ఇక కొండ దేనికి, దండగ" అనేవారు. మాకది గొప్ప జ్ఞానంలా వినిపించేది.

హైస్కూల్లో ఆయన మాకు డ్రాయింగ్ చెప్పడమంటే మా బొమ్మల మీద ఆయన బొమ్మ వేయడం. దాన్నే దిద్దడం అనేవాళ్ళం. చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడేవారు. "లే" అనేవారు. మన చోట కూర్చుని, మన కుంచె తీసుకుని, మన కాగితం మీద పని మొదలుపెట్టేవారు. ఆయన లేచేసరికి ఆకాశం ఆయనది, నేల ఆయనది, మూలన ఉన్న పేరు ఒక్కటే మనది. నచ్చకపోతే చించి చేతికిచ్చి "పొట్లాలు కట్టుకోండి" అనేవారు. చెవి మెలిపెట్టినప్పుడు ఆయన వేళ్ళ రంగు చెవికి అంటుకునేది. దాన్ని కడుక్కోకుండా ఇంటికెళ్ళి చూపించుకున్న వెర్రివాళ్ళం మేము. జిల్లాలో ఎక్కడ పోటీ పెట్టినా బహుమతి మా స్కూలుకే వచ్చేది. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర నేర్చుకుని చిత్రకారుడైనవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మా అమ్మ మిరపకల్లాల్లో కూలికి వెళ్ళేది, ఎక్కువగా మాస్టారి అన్నగారి కల్లంలోకే. ఎండిన కాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరి పక్కన పోయడం ఆమె పని. ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని పొద్దంతా ఎండలో కూర్చునేది. ఇంటికొచ్చాక తుమ్ములు, దగ్గు. ఎంత కడిగినా ఆమె చేతుల్లో కారం పోయేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపి పెడితే మా నోళ్ళు మండేవి, అయినా తినేవాళ్ళం.

తొమ్మిదో తరగతిలో ఉండగా 'మా ఊరు' అని జిల్లా పోటీ వచ్చింది. నేను కల్లం వేస్తానన్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మను అక్కడికి తీసుకెళ్ళి కుప్ప ముందు కూర్చోబెట్టాను. తువ్వాలు తీసెయ్యమన్నాను. "నా మొహం ఎవురు చూస్తారే?" అంది గానీ, తీసింది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. మాటిమాటికీ చెయ్యి కాయల మీదకు పోయేది. "ఏరొద్దమ్మా!" అని కసిరేదాన్ని. చేతులు ఒళ్ళోకి లాక్కునేది. "పాదాలు వెయ్యమాకే, పగుళ్ళు" అంది. అమ్మ కల్లంలో పని చెయ్యకుండా కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. కుప్పను వెనక్కి నెట్టి అమ్మను పెద్దగా వేశాను. బుగ్గ మీద, చేతుల మీద, నీలం చీర మీద అంతా ఎండే వేశాను. కల్లంలో నీడ ఉండదు కాబట్టి నీడ వెయ్యలేదు. ఆమె చూపించమంటే చూపించలేదు. "బహుమతి వచ్చాక అందరి ముందూ చూద్దువుగాని" అన్నాను.

మర్నాడు మాస్టారు నా వెనక నిలబడ్డారు.

"ఎవరే ఈవిడ?"

"మా అమ్మండి."

"మా అన్నయ్య కల్లంలో మీ అమ్మను ఊరికే కూర్చోబెట్టావా? కూలోళ్ళు ఇట్లా కూర్చుంటే మా పని సాగినట్టే."

క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "లే" అన్నారు. నేను లేచాను. ఎరుపు సీసా మూత తీసి చిక్కగా కలిపి, వెడల్పాటి కుంచె ముంచి, అమ్మ తల మీద నుంచి మొదలుపెట్టారు. ముందు మొహం పోయింది. తర్వాత భుజం. ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఆఖరున పోయాయి. ఆమె ఉన్నచోట మిరపకాయల కుప్ప లేచింది. దాని అంచున కాస్త నారింజరంగు తగిలించేసరికి సాయంత్రం ఎండలో కల్లం భగ్గుమన్నట్టయింది. నవ్వినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆయన మీద నాకు ఇప్పటికీ తీరని కోపం అమ్మను చెరిపేసినందుకు మాత్రమే కాదు. చెరిపేశాక ఆ బొమ్మ నిజంగానే బాగుపడినందుకు.

ఫస్ట్ ప్రైజు వచ్చింది. బహుమతుల రోజు అమ్మ తలకు నూనె రాసుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని స్కూలుకు వచ్చింది. బొమ్మను హెడ్మాస్టరు గది గోడకు తగిలించారు. గుమ్మం బయటే నిలబడి చాలాసేపు వెతికింది.

"నేనేదే?" అంది మెల్లగా.

"కుప్ప వెనకాల ఉన్నావమ్మా" అన్నాను. అప్పటికి నాకు తోచింది అదే.

"వెనకాలా?" అని మళ్ళీ చూసింది. "పోన్లే, నీడగా ఉంటది."

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా అమ్మ దగ్గుతూ దగ్గుతూనే పోయింది. రేషన్ కార్డు మీద ఫొటో ఒకటి మిగిలింది. అందులో ఆమె, ఎవరో కేకలేస్తుంటే వింటున్నట్టు ఉంటుంది. అది మా అమ్మ మొహం కాదు. మా అమ్మ మొహాన్ని నేను ఎదురుగా కూర్చుని చూసి వేసింది ఆ కాగితం మీద ఒక్కచోటే, అది ఎరుపు కింద ఉంది. దాన్ని నా దగ్గర పెట్టుకోవాలన్నది అప్పటి నుంచీ నా పంతం.

నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. పిల్లల కాగితాన్ని నేను ముట్టుకోను. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కుంచె వెనక కర్రతో చూపిస్తాను. తల్లిదండ్రులు వచ్చి "మేడం గారూ, మీరు కొంచెం దిద్దితే మావాడికి ప్రైజు వచ్చేది గదండీ" అంటారు. "మీవాడికి రాదండీ, నాకొస్తది" అంటాను. నాకు పొగరని పేరు. మాస్టారి వల్ల నాకు అబ్బిన విద్య ఇదే, ఆయన చేసింది చెయ్యకపోవడం.

పాత స్కూలు బిల్డింగు పడగొట్టినప్పుడు గోడలమీది బొమ్మలన్నీ మాస్టారు ఇంటికి తెచ్చుకున్నారని తెలిసింది. చిల్లకల్లు మీదుగా బస్సులో జగ్గయ్యపేట వెళ్ళాను. అప్పటికి ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గింది. భార్య పోయాక కూతురు దగ్గర ఉంటున్నారు. ముందుగదిలో నా కల్లం ఉంది, కొత్త చట్రంలో. మూలన నా పేరున్న చోటును చట్రం కప్పేసింది.

కిటికీ దగ్గర స్టాండు మీద ఆయిల్ రంగుల్లో ఒక కొండ ఉంది. ఊరికి పడమటి కొండ. రాయి కోసం పేల్చి పేల్చి సగం తినేశారు దాన్ని. ఆయన బొమ్మలో మాత్రం మొత్తం ఉంది, అంచు ఒక్కటే వంకరలు పోయింది.

నేనెవరో చెప్పుకున్నాను. గుర్తుపట్టలేదు. బొమ్మ చూపించి, అందులో మా అమ్మ ఉండేదన్నాను.

"అందులో మనిషెవరూ లేరే?" అన్నారు.

"మీరే తీసేశారండి."

"తీసేసే ఉంటాలే. కుప్ప బాగా కుదిరింది." ఆ తర్వాత వణికే చెయ్యి ఎత్తి చూపించారు. "అమ్మాయ్, నా చెయ్యి నా మాట వినట్లేదు. ఆ కొండ అంచు కాస్త దిద్ది పో. నీ బొమ్మ నువ్వు పట్టుకుపో."

"లేవండి" అన్నాను.

ఆయన ఒక్కక్షణం నా మొహంలోకి చూశారు. మెల్లగా కుర్చీ పట్టుకుని లేచారు. నేను కూర్చుని కొండ అంచు లాగాను. శ్రద్ధగానే లాగాను, ఆయన నేర్పినట్టే. తర్వాత కుంచె మార్చి, కొండ కింద ఎర్రనేల మీద ఒక ఆడమనిషిని కూర్చోబెట్టాను. నీలం చీర, ఒళ్ళో చేతులు. మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అమ్మ మొహం నాకు రాలేదు. ఎంత తలుచుకున్నా రేషన్ కార్డే కనబడింది. కొంగు ముందుకు లాగి మొహం కనబడకుండా చేశాను.

"తుడిచెయ్యి" అన్నారు మాస్టారు.

"ఇప్పుడు చూపంతా మనిషి మీదకే పోద్దండి" అన్నాను. కుంచె కడిగి గుడ్డతో తుడిచి, ఉన్నచోట పెట్టాను. ఆయన ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నీ బొమ్మ లేదు, ఏం లేదు. పో" అన్నారు. వచ్చేశాను. బస్సులో నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ముసలివాడిని ఏడిపించావని ఎవరైనా అంటే, అవును, ఏడిపించాలనే వెళ్ళాను.

తడి రంగును ఆయనైనా తుడిచెయ్యొచ్చు, ఎవరిచేతనైనా తుడిపించొచ్చు. చెయ్యలేదు. నా పనితనం నచ్చి ఉంచుకున్నారని అనుకుంటే నాకు బాగానే ఉంటుంది గానీ, ఓపిక లేక వదిలేశారంతే. తర్వాత ఆయన కుంచె పట్టలేదట.

సంస్మరణ సభ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు వాళ్ళంతా వచ్చారు. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఆ కొండ, ఆ కింద మా అమ్మ. పైన పెద్ద అక్షరాలతో 'సహధర్మచారిణి స్మృతిలో మాస్టారి ఆఖరి చిత్రం' అని ఉంది. నేను అక్కడే ఆగిపోయాను.

లోపల అసలు బొమ్మను వేదిక మీద పెట్టి దండ వేశారు. ఆదివారం ప్రార్థన తప్పని మా అమ్మ ముందు అగరొత్తులు వెలిగించారు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని, బతుకంతా మనిషిని వెయ్యని చెయ్యి చివరికి భార్యను వేసిందని చెప్పారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మాస్టారి భార్యను నేనెరుగుదును. ఆవిడ ఎండలో నేల మీద కూర్చోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, కానీ ఎవరికీ తట్టలేదు.

మాస్టారి కూతురు నా చెయ్యి పట్టుకుంది. "చూశారా టీచర్ గారూ, అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎట్లా కూర్చుందో. నాన్నగారికి ఎంత గుర్తో" అంది ఏడుస్తూ.

"మీ అమ్మగారు కాదండి, మా అమ్మ. నేనే వేశాను" అన్నాను.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చినట్టుంది. నేను వచ్చి వెళ్ళాక నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదంది. "అంటే... మా పెదనాన్న వాళ్ళ కల్లంలోకి వచ్చేదే, ఆవిడా?" అంది.

"ఆవిడేనండి."

నా చెయ్యి వదిలేసింది. వెళ్ళి దండ తీసి పక్కన పెట్టింది, అగరొత్తులు ఆర్పింది. జనం భోజనాల దగ్గర ఉన్నారు కాబట్టి ఎవరూ చూడలేదు. తిరిగొచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. మంచిగానే మాట్లాడింది, అది నేను కాదనను.

"జరిగిందేదో జరిగింది లెండి, నేనెవరికీ చెప్పను. మీరెట్లాగూ డ్రాయింగ్ టీచరే గదండీ. ఈ బొమ్మ ఇంటికి తీసుకెళ్ళి, ఆ మనిషిని తీసేసి, కొండ మటుకు ఉండేట్టు దిద్ది ఇవ్వండి. నాన్నగారి పద్ధతి కూడా అదే గదా. మీ కల్లం బొమ్మ మీరే ఉంచుకోండి, అది మాకెందుకు?"

కాదనలేదు. సభ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి, రెండు బొమ్మలూ పాత దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను.

ఇప్పుడు అవి నందిగామలో మా ఇంట్లో ఒకే గోడకు ఉన్నాయి. మాస్టారి కూతురు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. "అయిందా అండీ?" అంటుంది. "ఆయిల్ రంగు గదండీ, ఇంకా ఆరలేదు" అంటాను. ఆమెకు రంగుల సంగతి తెలియదు, నమ్ముతుంది.

కల్లం బొమ్మను చట్రంలోంచి తీశాను. మూలన నా పేరు అట్లాగే ఉంది. కుప్ప మీద తడి దూది పెట్టబోయి ఆగాను. అవి నీళ్ళ రంగులు. పైన ఎరుపు కరిగితే కింద మొహమూ దానితోనే కరుగుతుంది, రెండూ కలిసి దూదికి అంటుకుని వస్తాయి. ఇది నా పిల్లలకు ఏటా నేను చెప్పే మొదటి పాఠం. దూది పారేసి చట్రం మళ్ళీ బిగించాను. నీడగా ఉంటుందని అమ్మ నమ్మి వెళ్ళిపోయింది. ఆ ఎరుపు కింద నీడ లేదు. అక్కడ నేను వేసింది ఎండే.